ఉత్తరము వెంట వచ్చు తెగులు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల రైతులకు పల్లాకు తెగులు క్రొత్త కాదు. పచ్చగా ఎదుగుచున్న మినుము చేనిలో ఒకనాడు ఒక మొక్క ఆకులపై పసుపుపచ్చని మచ్చలు కనిపించును. కొద్ది దినములలో ఆ పసుపు ప్రక్క మొక్కలకు, పిమ్మట ప్రక్క చేలకు వ్యాపించును. దీనికి కారణము కంటికి కనిపించని ఒక వైరసు. దానికి కాళ్ళు లేవు, రెక్కలు లేవు. ఒక మొక్కనుండి మరియొక మొక్కకు అది తనంత తాను పోజాలదు. తెల్లదోమ రోగపు మొక్క రసమును పీల్చి ఆరోగ్యముగల మొక్కపై వ్రాలినప్పుడు ఆ దోమతోపాటు వైరసు కూడ ప్రయాణము చేయును. అందుచేతనే అనుభవముగల రైతు తెల్లదోమ మీద ఒక కన్ను వేసి ఉంచును.

ఈ పట్టణములలోని పాఠశాలలందు, ఆఫీసులందు, దుకాణములందు గల కంప్యూటర్లకు కూడ ఇట్టి తెగులు ఒకటి కలదు. దానిని కూడ వైరసు అనియే పిలుచుచున్నారు. దానిని మోసికొని వచ్చు తెల్లదోమ ఈ-మెయిలు. ముఖ్యముగ ఆ ఉత్తరమునకు జతపరచిన ఫైలు, అనగా అటాచ్‌మెంటు. ఈ తెగులు స్వభావమెట్టిది, ఎట్లు సోకును, దానిని ఎట్లు తప్పించుకొనవచ్చును అను విషయములను పరిశీలింతము.

వైరసు అనగానేమి?

కంప్యూటరు తనకు ఇచ్చిన ఆదేశములను వరుసగా నెరవేర్చు యంత్రము. ఆ ఆదేశముల వరుసనే ప్రోగ్రాము అందురు. ఆదేశము మంచిదా చెడ్డదా అను విచక్షణ యంత్రమునకు లేదు. మార్కులు కూడుమన్న కూడును. ఫైళ్ళను చెరిపివేయుమన్న చెరిపివేయును. వైరసు కూడ ఒక ప్రోగ్రామే. యజమాని అనుమతి లేకుండ పనిచేయుట, తన ప్రతులను తానే తయారుచేసి ఇతర ఫైళ్ళలోనికి చొప్పించుట దాని లక్షణములు.

1983 లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఫ్రెడ్ కోహెన్ ఇట్టి ప్రోగ్రామును ప్రయోగపూర్వకముగ చూపెను. దానికి వైరసు అను పేరును సూచించినవాడు ఆతని ఆచార్యుడు లియొనార్డ్ ఆడిల్‌మన్. 1986 లో లాహోరునందలి ఇరువురు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అను వైరసు ఫ్లాపీ డిస్కుల ద్వారా అనేక దేశములకు ప్రాకెను. ఆ కాలమున డిస్కు చేతులు మారినగాని వైరసు కదలెడిది కాదు. ఈ-మెయిలు వచ్చిన పిమ్మట దానికి రెక్కలు లభించినవి.

నేడు వాడుకలో హానికరమైన ప్రోగ్రాములన్నిటిని వైరసులనియే అనుచున్నారు. శాస్త్రజ్ఞులు మాత్రము వీనినన్నిటిని కలిపి మాల్‌వేర్ అందురు. అటాచ్‌మెంట్లలో వచ్చువానిలో పెక్కు ‘ట్రోజన్’ జాతికి చెందినవి. ఇవి పైకి పనికివచ్చు పత్రమువలె కనిపించి, లోపల వేరొక పని చేయును.

ఇక్కడ గుర్తుంచుకొనవలసిన విషయము ఒకటి కలదు. జీవకణము వెలుపల ఉన్నంత కాలము పల్లాకు వైరసులో జీవలక్షణము కనిపించదు. అట్లే, తెరువని ఫైలులోని వైరసు సాధారణముగ ఏమియు చేయలేదు. అది కాగితముపై వ్రాసిన వంట విధానము వంటిది. ఎవరో పొయ్యి వెలిగించి వండినగాని కూర కాదు. ఇచ్చట పొయ్యి వెలిగించునది మన వ్రేలే.

రెండు ప్రసిద్ధమైన ఉత్తరములు

1999 మార్చి 26 న ‘మెలిస్సా’ అను వైరసు బయలుదేరినది. అది వర్డ్ పత్రములో మాక్రో రూపమున దాగియుండెను. మాక్రో అనగా పత్రములోనే ఇమిడియుండు చిన్న ప్రోగ్రాము. పత్రమును తెరచిన వెంటనే అది ఆ వ్యక్తి చిరునామాల పుస్తకములోని మొదటి 50 మందికి, ఆతని పేరుతోనే, తన ప్రతులను పంపెడిది. ఉత్తరము తెలిసినవారి పేరుతో వచ్చుటచే అందుకొన్నవారు అనుమానింపక తెరచిరి. దానిని వ్రాసిన న్యూజెర్సీ వాసి డేవిడ్ స్మిత్‌కు 2002 లో 20 నెలల కారాగార శిక్ష పడెను.

2000 మే 4 న మనీలా నగరమునుండి మరియొకటి వెలువడినది. ‘ఐ లవ్ యు’ అను శీర్షికతో వచ్చిన ఆ ఉత్తరమునకు ప్రేమలేఖ అను పేరుగల ఒక ఫైలు జతపరచియుండెను. ఆ పేరు చివర ‘డాట్ టిఎక్స్‌టి’ అనియు, దాని పిమ్మట ‘డాట్ విబిఎస్’ అనియు ఉండెను. మొదటిది సాధారణ పాఠమునకు గుర్తు. రెండవది ప్రోగ్రామునకు గుర్తు. అయితే విండోస్ ఇట్టి తెలిసిన తోకలను మామూలుగ దాచిపెట్టును. అందుచే చూచినవారికి మొదటి తోక మాత్రమే కనిపించి, అది ఉత్త పాఠమని తోచెను. తెరచిన వెంటనే అది చిరునామాల పుస్తకములోని అందరికిని తన్ను తాను పంపుకొని, ఫైళ్ళను పాడుచేసెను. ఫిలిప్పీన్స్‌లో ఆనాటికి తగిన చట్టము లేనందున అనుమానితుని శిక్షింప వీలుకాలేదు.

ఆ సంవత్సరముననే అక్టోబరు 17 నుండి మన దేశమున సమాచార సాంకేతిక చట్టము అమలులోనికి వచ్చినది. అనుమతి లేకుండ ఇతరుల కంప్యూటరులో వైరసు ప్రవేశపెట్టుటను ఆ చట్టము 43 వ సెక్షను నిషేధించుచున్నది. 66 వ సెక్షను ప్రకారము దురుద్దేశముతో అట్లు చేసినవారికి 3 సంవత్సరముల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

విద్యార్థులకు ఒక లెక్క

మెలిస్సా వంటి వైరసు ఒక్కొక్కరినుండి 50 మందికి పోవుననుకొందము. అందుకొన్నవారందరు తెరచినచో మొదటి విడత 50, రెండవ విడత 2,500, మూడవ విడత 1,25,000, నాలుగవ విడత 62,50,000 మంది దాని వాతబడుదురు. ఒకే చిరునామా రెండుమారులు రాదని అనుకొని వేసిన లెక్క ఇది.

ఇప్పుడు 50 మందిలో ఇద్దరే తెరచుదురనుకొందము. అప్పుడు వరుస 2, 4, 8, 16 అగును. తెగులు ఇంకను పెరుగుచునే ఉండును కాని నెమ్మదిగ. 50 మందిలో ఒక్కడే తెరచినచో అది పెరుగదు, తగ్గదు. సగటున 100 మందిలో ఒక్కడు తెరచినచో ప్రతి విడతకును సగమై, త్వరలోనే చల్లారిపోవును. అంటువ్యాధులను గూర్చి వైద్యులు వేయు లెక్కయు ఇదియే. ఒక రోగినుండి సగటున ఒకరికంటె తక్కువమందికి సోకినచో ఆ వ్యాధి తానే అంతరించును.

కనుక తెరువక ఆగిన ప్రతి వ్యక్తియు తన యంత్రముతోపాటు ఇతరుల యంత్రములను కూడ కాపాడుచున్నాడు. నందిగామలో ఒకరు ఆగినచో జగ్గయ్యపేటలో 50 మందికి ఆ ఉత్తరము చేరదు.

నందిగామలో ఒక సాయంకాలము

ఒక కల్పిత దృష్టాంతము తీసికొందము. నందిగామలో ఒక ఉన్నత పాఠశాల. ఆఫీసు గదిలో ఒకే కంప్యూటరు. పదవ తరగతి నామినల్ రోల్స్, మార్కుల జాబితాలు, ఉపాధ్యాయుల జీతముల బిల్లులు అన్నియు అందులోనే కలవు. ఆ పని చూచు ఉపాధ్యాయునకు సాయంకాలము 5 గంటలకు ఒక ఉత్తరము వచ్చినది. పంపినవారి స్థానమున జగ్గయ్యపేటలోని ఒక ప్రధానోపాధ్యాయుని పేరు ఉన్నది. ఆయన ఈ ఉపాధ్యాయునకు చిరకాల పరిచితుడు. “మాస్టారూ, మీ పాఠశాల నామినల్ రోల్స్‌లో ఏడుగురి పేర్లు తప్పుగా పడినవట. రేపే ఆఖరు తేదీ. జాబితా జతపరచినాను, వెంటనే చూడండి” అని వ్రాసియున్నది.

ఈ ఉత్తరములో మూడు గుర్తులు కలవు. మొదటిది భయము: పిల్లల పేర్లు తప్పుపడినవి. రెండవది తొందర: రేపే ఆఖరు తేదీ. మూడవది నమ్మకము: తెలిసినవారి పేరు. ఈ మూడును కలిసినప్పుడు ఎంత చదువుకొన్నవానికైనను ఆలోచించు తీరిక ఉండదు. వైరసు పంపువాడు ఆశించునదియు ఆ తీరిక లేకపోవుటనే.

పంపినవారి పేరు కనిపించినంత మాత్రమున అది వారి ఉత్తరమని చెప్పరాదు. తపాలా కవరుపై పంపువారి పేరు ఎవరైనను ఏమైనను వ్రాయవచ్చును గదా! ఈ-మెయిలులో కనిపించు పేరు కూడ అట్టిదే. పేరు వెనుకనున్న అసలు చిరునామాను చూడవలెను. ప్రభుత్వ శాఖల చిరునామాలు సాధారణముగ ‘డాట్ జిఓవి డాట్ ఇన్’ అనియో, ‘డాట్ ఎన్ఐసి డాట్ ఇన్’ అనియో ముగియును. చిరునామా సరియైనదే అయినను, ఆ స్నేహితుని ఖాతాయే దొంగల చేతిలో పడియుండవచ్చును. అందుచే సందేహము కలిగినప్పుడు ఉత్తమమైన మార్గము ఒకటే: ఉత్తరము వచ్చిన దారిని విడిచి, వేరొక దారిని విచారించుట. ఉపాధ్యాయుడు తనవద్ద ముందునుండి ఉన్న నంబరుకు ఫోను చేసి, “మీరు జాబితా ఏమైనా పంపినారా?” అని అడిగినచో చాలును. ఉత్తరములోనే ఇచ్చిన నంబరుకు మాత్రము చేయరాదు. “అయ్యో, నేను పంపలేదండీ” అను సమాధానము వచ్చినచో, ఆ ఒక్క నిమిషము పాఠశాల రికార్డులన్నిటిని కాపాడినదన్నమాట.

వే బిల్లు వేరు, సరకు వేరు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి మీద, జగ్గయ్యపేట సమీపమున, రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు ఉన్నది. అట్టి చోట ఒక లారీని ఆపినారనుకొందము. వే బిల్లులో మిరపకాయలని వ్రాసియున్నది. టార్పాలిను క్రింద మిరపకాయలే ఉన్నవా లేదా అనునది టార్పాలిను విప్పినగాని తెలియదు. ఫైలు పేరు వే బిల్లు వంటిది. లోపలి ఆదేశములే సరకు.

కంప్యూటరులోని యాంటీవైరస్ ఈ చెక్‌పోస్టు పని చేయును. దానివద్ద ఇదివరలో పట్టుబడిన వైరసుల గుర్తుల పట్టిక ఉండును. వచ్చిన ఫైలును ఆ పట్టికతో పోల్చి చూచును. కొన్ని ప్రోగ్రాములు ఫైలు నడవడిని కూడ కనిపెట్టును. అయితే నిన్న పుట్టిన వైరసు గుర్తు నేటి పట్టికలో ఉండకపోవచ్చును. పాస్‌వర్డు పెట్టి మూసిన జిప్ ఫైలు తాళము వేసిన కంటెయినరు వంటిది. తనిఖీదారు దానిలోనికి చూడలేడు. ఆ పాస్‌వర్డును ఉత్తరములోనే వ్రాసి పంపినచో మరింత అనుమానింపవలెను. ఏ ప్రోగ్రామునైనను చూచి అది వైరసు అవునో కాదో ఎన్నడును తప్పక చెప్పగల పద్ధతి ఉండజాలదని కోహెన్ తర్కబద్ధముగ నిరూపించెను. కనుక యాంటీవైరస్ అవసరమే, కాని దానిపై పూర్తి భారము వేయరాదు.

తోకలను గుర్తుపట్టుట మనము చేయగల తనిఖీ. ‘డాట్ ఈఎక్స్ఈ’, ‘డాట్ జెఎస్’, ‘డాట్ విబిఎస్’ అను తోకలుగల ఫైళ్ళు ప్రోగ్రాములు. జాబితాలు, బిల్లులు ఈ రూపమున ఎన్నడును రావు. ‘డాట్ డిఓసిఎం’, ‘డాట్ ఎక్స్ఎల్ఎస్ఎం’ అనునవి మాక్రోలుగల పత్రములు. బయటినుండి వచ్చిన పత్రములలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ సంస్థ 2022 నుండి సహజముగనే అడ్డగించుచున్నది. పత్రము తెరచినప్పుడు “ఎనేబుల్ కంటెంట్” నొక్కుమని ఎవరైన బ్రతిమాలినచో నొక్కరాదు. పిడిఎఫ్ పత్రములు కూడ సంపూర్ణముగ నిరపాయములు కావు. వానిలోని లింకులు ఇతర స్థలములకు తీసికొనిపోవచ్చును.

లోపలికి వచ్చిన పిదప

తెరచిన వైరసు మూడు విధముల హాని చేయును. కొన్ని మీటలపై మన వ్రేళ్ళ కదలికలను గమనించి పాస్‌వర్డులను దొంగిలించును. కొన్ని ఆ యంత్రమును బానిసగ చేసికొని, యజమానికి తెలియకుండ వేలాది దొంగ ఉత్తరములను పంపించును. మూడవ రకము రాన్సమ్‌వేర్. ఇది ఫైళ్ళనన్నిటిని గూఢలిపిలోనికి మార్చి, తాళపుచెవి కావలెనన్న డబ్బిమ్మని అడుగును.

ఆ తాళమును ఊహించి తీయలేమా? 128 అంకెల ద్విసంఖ్యామాన తాళపుచెవులు సుమారు 34 ప్రక్కన 37 సున్నలు పెట్టినంత సంఖ్యలో కలవు. సెకనుకు లక్ష కోట్ల చెవులను ప్రయత్నించినను, విశ్వము పుట్టి గడచిన సుమారు 1,380 కోట్ల సంవత్సరముల కాలము కూడ చాలదు. డబ్బు ఇచ్చినను చెవి వచ్చునను నమ్మకము లేదు.

దీనికి మందు ముందుగా దాచుకొన్న ప్రతియే. రైతు తిండిగింజలను, విత్తనపు గింజలను ఒకే గాదెలో పోయడు. అట్లే ముఖ్యమైన ఫైళ్ళకు మరి రెండు ప్రతులు ఉండవలెను. వానిలో ఒకటి కంప్యూటరునుండి విడదీసి, వేరొక చోట భద్రపరచవలెను. ఎల్లప్పుడు తగిలించియుండు డిస్కును రాన్సమ్‌వేర్ విడిచిపెట్టదు. దాచిన ప్రతి తెరచుకొనుచున్నదా లేదా అని అప్పుడప్పుడు చూచుకొనుట కూడ అవసరము.

చేయి అక్కరలేని జాతి

అన్ని తెగుళ్ళకును మన చేయి అవసరము లేదు. 2017 మే 12 న బయలుదేరిన ‘వన్నాక్రై’ అను రాన్సమ్‌వేర్ విండోస్‌లోని ఒక లోపము గుండా ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తానే ప్రాకినది. సుమారు 150 దేశములలో లక్షలాది కంప్యూటర్లు దాని బారిన పడినవి. ఆంధ్రప్రదేశ్‌లో 18 పోలీసు విభాగముల కంప్యూటర్లకు అది సోకినట్లు ఆనాటి వార్తలు తెలిపినవి. ఆ విభాగములు చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలతోపాటు కృష్ణా జిల్లాలో కూడ ఉండెను. నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్‌లో ఎన్‌టిఆర్ జిల్లా ఏర్పడువరకు ఆ కృష్ణా జిల్లాలోనివే.

ఆ లోపమును సరిచేయు సవరణను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14 న విడుదల చేసెను. సవరణ వేసికొన్న యంత్రములలోనికి ఆ దారిని వైరసు చొరలేకపోయెను. అటాచ్‌మెంటులో వచ్చు వైరసులు కూడ పెక్కుసార్లు ఇట్టి పాత లోపములనే వాడుకొనును. విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినది. పాత కంప్యూటర్లుగల పాఠశాలలు ఈ సంగతిని గమనింపవలెను.

చేతిలోని ఫోను

నేడు ఉత్తరము కంటె వాట్సాప్ సందేశము ఎక్కువమందికి చేరుచున్నది. తెల్లదోమయు అచ్చటికే చేరినది. వాహన చలానా, పి.ఎం. కిసాన్, బ్యాంకు కె.వై.సి., పెండ్లి పిలుపు అను పేర్లతో ‘డాట్ ఏపికె’ ఫైళ్ళు వచ్చుచున్నవని పోలీసులు పలుమారులు హెచ్చరించినారు. ఏపికె అనగా ఫోనులో స్థాపించు ప్రోగ్రాము. పెండ్లి శుభలేఖ చదువుటకు ప్రోగ్రాము స్థాపింప పనిలేదు. స్థాపించినచో అది సంక్షిప్త సందేశములను చదువుటకు అనుమతి కోరును. ఇచ్చినచో బ్యాంకు పంపు ఓటిపి నేరుగా దొంగకు చేరును.

లారీ యజమానులు పెక్కుమంది గల జగ్గయ్యపేటలో చలానా పేరు వినగనే తెరవాలనిపించుట సహజము. చలానా ఉన్నదో లేదో రవాణా శాఖవారి పరివాహన్ వెబ్‌సైటులో స్వయముగ చూచుకొనవచ్చును. ఇచ్చటను సూత్రమొకటే: సందేశము వచ్చిన దారిని విడిచి వేరొక దారిని విచారింపవలెను.

తెరచినచో ఏమి చేయవలెను?

ముందుగా ఇంటర్నెట్ తీగను పెరికివేసి, వైఫైని ఆపవలెను. ఫోనైనచో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టవలెను. ఆ యంత్రమునకు పెన్ డ్రైవ్ తగిలింపరాదు. వేరొక శుభ్రమైన యంత్రమునుండి పాస్‌వర్డులను మార్చవలెను. బ్యాంకు వ్యవహారములు అందులో జరిగియున్నచో బ్యాంకునకు వెంటనే తెలుపవలెను. డబ్బు పోయినచో 1930 కు ఫోను చేయవలెను, లేక సైబర్‌క్రైమ్ డాట్ జిఓవి డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వవలెను. ఎంత త్వరగా తెలిపిన ఆ డబ్బు చేతులు మారకుండ ఆపుటకు అంత అవకాశము. కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017 లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ద్వారా వైరసులను తొలగించు ఉపకరణములు ఉచితముగ లభించును.

వీనియన్నిటి కంటె కష్టమైనది నోరు విప్పుట. చదువు చెప్పువాడనై ఉండి మోసపోతినే అను సిగ్గుచే చాలమంది దాచుదురు. ఆ దాచిన గంటలలోనే ఆతని పేరుతో ఇతరులకు ఉత్తరములు పోవుచుండును. పల్లాకు సోకిన మొక్కను పెరికివేయు రైతు సిగ్గుపడడు. ప్రక్క చేని రైతును కూడ పిలిచి చెప్పును. తప్పు చేసినవానిని తిట్టు ఆఫీసులో తరువాతి తప్పు బయటికి రాదు. కనుక వెంటనే చెప్పినవానిని మెచ్చుకొనుట ప్రధానోపాధ్యాయుల కర్తవ్యము.

ఉపాధ్యాయులు ఒక తరగతిని దీనికి వినియోగింపవచ్చును. పాఠశాల కంప్యూటరులో ఫైళ్ళ తోకలు కనిపించునట్లు అమర్చి, ఏ తోక దేనికి గుర్తో పిల్లలచే పట్టిక వేయింపవలెను. పైన చూపిన లెక్కను వారిచేతనే చేయింపవలెను. ఆ సాయంకాలము ఇంటికి పోయిన విద్యార్థి తండ్రి ఫోనులోని చలానా సందేశమును చూచి, “నాన్నా, అది నొక్కకు, ముందు కనుక్కుందాం” అని చెప్పగలిగినచో ఆ పాఠము సఫలమైనట్లే.